పేరు ఇచ్చే ముందు ఆరు ఆదివారాలు

హాఫ్ మారథాన్ పూర్తి చేసిన రోజు రాత్రి ఫోన్ జోలికి పోకండి. నేను పోయాను. మెడల్ కుర్చీకి వేలాడుతోంది, పిక్కలు సలుపుతున్నాయి, నిద్ర పట్టడం లేదు. పదకొండున్నరకి ఫుల్ మారథాన్ ఫారం తెరిచి, పన్నెండు కొట్టేలోపు డబ్బు కట్టేశాను. మా ఆయనకి పొద్దున్నే చెప్పాను. అప్పటికి నాకు నలభై నాలుగేళ్లు, పరుగు మొదలుపెట్టి పద్నాలుగు నెలలు.

ఆ మారథాన్ నేను పరిగెత్తలేదు. ట్రైనింగ్ పదకొండో వారంలో ఎడమకాలి ముందరి ఎముకలో, మోకాలికి జానెడు కింద, స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది, అంటే పదే పదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని పగులు. రేసు రోజు పొద్దున సోఫాలో కాలు చాపుకుని కూర్చున్నాను. రెండేళ్ల తర్వాత మళ్లీ పేరు ఇచ్చి, 4 గంటల 52 నిమిషాల్లో పూర్తి చేశాను. ఈ రెండేళ్లలో నేనేమీ గొప్ప రన్నర్‌ని అయిపోలేదు. పేరు ఇవ్వాలా వద్దా అని తేల్చుకునే పద్ధతి ఒకటి నేర్చుకున్నాను, అంతే. ఒక హాఫ్ పూర్తి చేసి ఫుల్ వైపు ఆశగా చూస్తున్న వాళ్ల కోసం అది రాస్తున్నాను. ఇంకా పది కిలోమీటర్ల దగ్గరే ఉన్నవాళ్లు ముందు హాఫ్ సంగతి చూసుకోండి, తొందరేం లేదు.

రెండు ఇరవై ఒకట్లు కలిస్తే నలభై రెండు కాదు

హాఫ్ బాగా జరిగింది కాబట్టి ఫుల్ కూడా జరుగుతుందనుకోవడం వాపును చూసి బలుపనుకోవడమే. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

పరుగులో కిలో బరువుకి, కిలోమీటరుకి సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. నా బరువు 62 కిలోలు. అంటే 21.1 కిలోమీటర్ల హాఫ్‌కి సుమారు 1,300 కేలరీలు, 42.195 కిలోమీటర్ల ఫుల్‌కి 2,600. బాగా తిని, బాగా పడుకున్న మనిషి కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్‌గా, అంటే నిల్వ పిండిపదార్థంగా, దాచుకోగలిగేది సుమారు 1,600 నుంచి 2,000 కేలరీలు. చూశారా, హాఫ్ మొత్తం ఆ ట్యాంకులో పట్టేస్తుంది. ఫుల్ పట్టదు. శరీరం పక్కన కొవ్వును కూడా కరిగిస్తూనే ఉంటుంది కాబట్టి ట్యాంకు లెక్క అంత ఖచ్చితంగా ఏమీ నడవదు. కానీ వేగం పెంచేకొద్దీ గ్లైకోజెన్ వాటా పెరుగుతుంది, దారిలో సరిగా తినకపోతే 30, 32 కిలోమీటర్ల దగ్గర ఖాళీ అవుతుంది. రన్నర్లు ‘వాల్’ అనేది దాన్నే. అప్పటిదాకా మన మాట విన్న కాళ్లు వేరేవాళ్ల కాళ్లలా అయిపోతాయి.

మీ హాఫ్ టైమ్ ఎంత గొప్పదైనా, ఆ చివరి పన్నెండు కిలోమీటర్ల గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు.

ఆ చివర్లో ఉన్న 2.195 కిలోమీటర్ల గురించి ఒక మాట. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మారథాన్ సుమారు 40 కిలోమీటర్లే. 1908లో లండన్ ఒలింపిక్స్‌కి విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు ముగించారు. ఆ దూరమే 1921లో అందరికీ ఖాయమైంది. నలభయ్యో కిలోమీటరు దాటాక తిట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి కదా, నేను ఆ రాజుగారిని తిట్టుకున్నాను.

ముందు దాటాల్సిన గడప

పరీక్షకి దిగే ముందు కొన్ని విషయాలు ఉన్నాయా లేవా చూసుకోండి. కనీసం ఒక ఏడాదిగా ఆపకుండా పరిగెత్తుతూ ఉండాలి. గత మూడు నెలల్లో వారానికి 30 కిలోమీటర్ల చొప్పున, దెబ్బ తగిలి వారం పైగా ఆగకుండా, చేసి ఉండాలి. ఒక హాఫ్ పూర్తి చేసి, మూడో రోజుకి మామూలుగా మెట్లు దిగగలిగి ఉండాలి. ఇవి నా కొలతలు, శాసనాలు కావు. కానీ మొదటిసారి నాకు వీటిలో రెండోది లేదు. వారానికి 18, 20 కిలోమీటర్లతో హాఫ్ లాగించేసి, దాన్ని సత్తా అనుకున్నాను.

డాక్టర్ మాట వేరు, అందులో బేరం లేదు. పరిగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి, బిగుతు, కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండెతో హఠాత్తుగా పోయి ఉండడం, బీపీ, షుగర్, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు డాక్టర్, తర్వాతే ఫారం. ఆడవాళ్లకి ఇంకొకటి. పరుగు పెంచాక నెలసరి తప్పుతుంటే ‘ట్రైనింగ్ బాగా పడుతోంది’ అని సంతోషించకండి. ఖర్చుకి తగ్గ తిండి అందడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. ఆ లోటు దెబ్బ ఎముకల మీద పడుతుంది.

వయసు మాట నేను పట్టించుకోను. ఆఫీసులో ఒకాయన ‘ఈ వయసులో ఆడవాళ్లకి మారథాన్ ఎందుకండీ’ అన్నారు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి మారథాన్ పెట్టిందే 1984లో, అప్పుడు నేను మూడో తరగతి. అంతకుముందు దశాబ్దాలపాటు పెద్దమనుషులు సరిగ్గా ఆయనలాగే మాట్లాడారు.

ఆరు ఆదివారాల పరీక్ష

అసలు విషయం ఇది. మారథాన్ ట్రైనింగ్ సాధారణంగా 16 నుంచి 20 వారాలు. రేసు రోజు మీరు 42 కిలోమీటర్లు పరిగెత్తగలరా అన్న ప్రశ్నకి ఈ రోజు ఎవరూ జవాబు చెప్పలేరు. ఆ పద్దెనిమిది వారాలు మీ ఇంట్లో, మీ ఉద్యోగంలో, మీ నిద్రలో పడతాయా అన్నదానికి మాత్రం ఆరు వారాల్లో జవాబు దొరుకుతుంది. అందుకే డబ్బు కట్టకుండా, ఎవరికీ చెప్పకుండా, ఆరు వారాలు మారథాన్ ట్రైనింగ్‌లో ఉన్నట్టే బతికి చూడండి.

వారానికి నాలుగు పరుగులు. మామూలు రోజుల్లో మూడు, ఒక్కొక్కటి 6 నుంచి 9 కిలోమీటర్లు. ఆదివారం లాంగ్ రన్. నేను పెట్టుకున్న వరస 16, 18, 20, 14, 20, 23. నాలుగో వారం తగ్గించడం బద్ధకం వల్ల కాదు, కాళ్లు కోలుకోవడానికి. లాంగ్ రన్ అంతా పక్కనున్న వాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలోనే. ఒంటరిగా వెళ్తే ఫోన్ నంబర్లు పైకి చదువుతూ చూసుకోండి. ఐదు అంకెలకే ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైనట్టు. నా హాఫ్ రేసు పేస్ కిలోమీటరుకి 6 నిమిషాల 15 సెకన్లు, లాంగ్ రన్ మాత్రం 7:10. మొదట్లో సిగ్గుగా ఉండేది. స్కూలు పిల్లలు నన్ను దాటుకుని పోయేవారు.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. వాచీలో వచ్చే గ్రాఫులు కాదు, చేత్తో రాయాలి. ప్రతి లాంగ్ రన్ తర్వాత మూడు సంగతులు: మొత్తం ఎంత సమయం పోయింది, సోమవారం మెట్లు దిగేటప్పుడు ఎక్కడ నొప్పి, ఇంట్లో ఎవరి మీద విసుక్కున్నారు. నా బుక్కులో మూడో ఆదివారం పేజీ ఇలా ఉంది:

‘20 కి.మీ. 2 గం. 23 ని. ఇంట్లోంచి బయటికి 4:50, తిరిగి 7:35. మధ్యాహ్నం రెండు గంటలు పడుకున్నా. సోమవారం కుడి తొడ బిగుతు, పదకొండింటికి పోయింది. అమ్మాయితో గొడవ, బట్టలు మడత పెట్టలేదని. అవి నా బట్టలే.’

ఆ చివరి వాక్యం రాశాక చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. పరుగు రెండున్నర గంటలే. కానీ శనివారం రాత్రి తొమ్మిదింటికే పడుకోవడం, ఆదివారం మధ్యాహ్నం మత్తు, సాయంత్రం చిరాకు, ఇవన్నీ కలిపితే వారాంతంలో సగం పోతోంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆ రాత్రి మా ఆయనతో, అమ్మాయితో కూర్చుని మాట్లాడాను. ఆదివారం వంటింట్లోకి నేను పదింటిదాకా రాను, బదులుగా శనివారం సాయంత్రాలు పూర్తిగా మీవే అని ఒప్పందం. మొదటిసారి ఈ మాట అసలు మాట్లాడలేదు. అందరూ నన్ను మెచ్చుకుంటారని ఎదురుచూశాను, ఎవరూ మెచ్చుకోలేదని అలిగాను.

ఆరు వారాలు అయ్యాక లెక్క చూడండి. మొత్తం 24 పరుగులు. వాటిలో 20 లేదా పైన చేసి, ఏ నొప్పీ వారం వారం పెరగకుండా ఉండి, ఇంట్లో వాళ్లు మిమ్మల్ని ఇంకా భరిస్తుంటే, పేరు ఇచ్చేయండి. 16 నుంచి 19 అయితే ఇంకో ఆరు వారాలు ఇదే పరీక్ష మళ్లీ రాయండి. అంతకన్నా తక్కువైతే ఈ ఏడాదికి వద్దు. నాకు 21 వచ్చాయి. పోయిన మూడింటిలో రెండు నెలాఖరు లెక్కల పుణ్యం. ఒకటి వాన, నిజం చెప్పాలంటే వాన కూడా కాదు, కిటికీలోంచి మబ్బు చూసి మళ్లీ దుప్పటి కప్పుకున్నాను.

ఏ నొప్పి ఏమిటి

పరీక్షలో ఎక్కువ మంది తమకు తాము అబద్ధం చెప్పుకునేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

రెండు కాళ్లలోనూ ఉండి, పెద్ద మేర పరుచుకుని, నాలుగు అడుగులు వేసి వేడెక్కితే తగ్గే నొప్పి కండరాలది. రెండు మూడు రోజుల్లో పోతుంది. ఒకే కాల్లో ఉండి, ఒక్క వేలితో ‘ఇదిగో ఇక్కడ’ అని చూపించగలిగేలా ఎముక మీద ఉండి, పరిగెత్తేకొద్దీ పెరిగే నొప్పి వేరే జాతిది. రాత్రి పడుకున్నప్పుడు కూడా తెలుస్తుంటే మరీ. అలాంటిది కనిపిస్తే ఆ రోజే పరుగు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తొలి వారాల్లో మామూలు ఎక్స్‌రేలో స్ట్రెస్ ఫ్రాక్చర్ తరచూ కనబడదు కూడా. కాబట్టి ‘ఎక్స్‌రే బాగానే ఉంది’ అని మళ్లీ షూస్ కట్టుకోకండి, నొప్పి ఎలా మొదలైందో డాక్టర్‌కి మొత్తం చెప్పండి.

నాకు తొమ్మిదో వారంలోనే తెలుసు. బాత్రూంలో గోడ పట్టుకుని ఎడమకాలి మీద ఒంటికాలితో గెంతి చూశాను. మొదటి గెంతుకే నొప్పి కాలి పొడవునా పాకింది. రెండోసారి మెల్లగా గెంతాను, తక్కువ నొప్పి వచ్చింది. ‘తగ్గుతోంది’ అనుకున్నాను! ఐసు పెట్టి, మాత్ర వేసుకుని ఇంకో రెండు వారాలు పరిగెత్తాను. చివరికి డాక్టర్ బొటనవేలితో ఆ ఎముక వెంట నొక్కుకుంటూ వచ్చి సరిగ్గా ఆ చోటికి చేరగానే నేను బల్ల మీద లేచి కూర్చున్నాను. ‘ఎమ్మారై ఎలాగూ తీయిద్దాం కానీ, మీకు ముందే తెలుసు కదా’ అన్నారాయన. డబ్బు కట్టేశాను, వదులుకోలేను అన్న మొండితనమే నన్ను అక్కడిదాకా తెచ్చింది. డబ్బు కట్టకముందు పరీక్ష పెట్టుకోమనేది అందుకే. ఆగడానికి అప్పుడు ఏ ఖర్చూ ఉండదు.

టైమ్, కటాఫ్

మీ హాఫ్ టైమ్‌ని 2.085తో గుణించండి. పీట్ రీగెల్ అనే ఇంజనీరు సూత్రం నుంచి వచ్చిన సంఖ్య ఇది. నా హాఫ్ 2:12, అంటే 132 నిమిషాలు. సూత్రం చెప్పింది 4:35. నేను చేసింది 4:52. వారానికి 40, 45 కిలోమీటర్లు చేసే నాలాంటివాళ్లకి ఆ సూత్రం కాస్త ఉదారం. దాని మీద ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు వేసుకోండి.

ఇప్పుడు రేసు నిబంధనల్లో కటాఫ్, అంటే రేసు ముగించాల్సిన గడువు, చూడండి. ఆరు గంటలు అని ఉంటే కిలోమీటరుకి 8:32, నీళ్ల దగ్గర ఆగడం, టాయిలెట్ క్యూ అన్నీ కలిపి. మీ హాఫ్ 2:45 అయితే సూత్రమే 5:44 చూపిస్తుంది. పావుగంట మిగిలిందనుకోకండి, ఆ పావుగంట 35వ కిలోమీటరు దగ్గర ఆవిరైపోతుంది. కొన్ని రేసుల్లో మధ్యలో కూడా కటాఫ్‌లు ఉంటాయి, అవి చిన్న అక్షరాల్లో ఉంటాయి. కటాఫ్ టెన్షన్ ఉన్నవాళ్లు ఎక్కువ సమయం ఇచ్చే రేసు వెతుక్కోవడమే మేలు. మొదటి నుంచే పరుగు, నడక కలుపుకుని వెళ్లే పద్ధతి కూడా ఉంది. 1972 ఒలింపిక్స్‌లో పరిగెత్తిన జెఫ్ గాలోవే దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఉదాహరణకి నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, అలసట రాకముందు నుంచే. అది మోసం అనేవాళ్ల మాట వినకండి.

తేదీ ఎంచుకునేటప్పుడు రేసు రోజు ఎలా ఉంటుందో కాక, దానికి ముందు మూడు నుంచి ఎనిమిది వారాల మధ్య ఏముందో చూడండి. అన్నింటికన్నా పొడవైన పరుగులు అక్కడే పడతాయి. అదే సమయంలో పిల్లల పరీక్షలు, ఇంట్లో పెళ్లి, ఆఫీసులో సంవత్సరాంతం ఉంటే ఆ రేసు మీది కాదు. ఎండ కూడా చూసుకోండి.

వద్దు అని తేలితే

ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. చేతిలో ఆరు వారాల మంచి ట్రైనింగ్ ఉంది, దాంతో మంచి హాఫ్ పరిగెత్తవచ్చు. ఇంకో ఏడాదికి ఫుల్ ఎక్కడికీ పోదు. ఇప్పటికే నాలాగా ఆరంభశూరత్వంతో డబ్బు కట్టేసి ఉంటే, హాఫ్‌కి మార్చుకునే వీలో, వచ్చే ఏడాదికి వాయిదా వేసే వీలో ఉందేమో నిర్వాహకుల్ని అడగండి, దానికి గడువు ఉంటుంది. మీ బిబ్, అంటే ఛాతీ మీద పెట్టుకునే నంబరు చీటీ, ఇంకొకరికి మాత్రం ఇవ్వకండి. దారిలో వాళ్లు పడిపోతే మెడికల్ టీమ్‌కి కనబడేది మీ పేరు, మీ వివరాలు, మీ ఇంటి ఫోన్ నంబరు.

సరే అని తేలితే

లాంగ్ రన్‌లు మెల్లగా పెంచండి. నేను 29 కిలోమీటర్ల దగ్గర ఆపాను, ఎందుకంటే నా వేగానికి అది మూడున్నర గంటలు. అంతకుమించి పరిగెత్తితే లాభం కన్నా అలసట ఎక్కువ. ఆ ఒక్క పరుగూ రేసుకి మూడు వారాల ముందు, ఆ తర్వాత తగ్గిస్తూ రావడమే. ఆ తగ్గించే వారాల్లో లేని నొప్పులన్నీ వస్తాయి, చాలామందికి ఇంతే.

తినడం కూడా ట్రైనింగే. గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు, రన్నర్లు ప్యాకెట్లోంచి నోట్లో పిండుకునే తీపి జెల్ అయినా అరటిపండు అయినా, ఆకలి వేయకముందు నుంచే. ఏది తిన్నా లాంగ్ రన్‌లో ముందు తిని చూడండి. కడుపు ఒప్పుకోవడం కూడా అలవాటు మీదే. నీళ్లు దాహాన్ని బట్టి. భయపడి ప్రతి స్టాల్ దగ్గరా లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణాల మీదికి తెస్తుంది. రేసు పొద్దున ముందుజాగ్రత్తగా నొప్పి మాత్ర వేసుకోవడం వద్దు. ఐబుప్రొఫెన్ లాంటివి ఆ శ్రమలో కిడ్నీల మీద భారం పెంచుతాయి. కొత్త షూస్, కొత్త సాక్సులు రేసు రోజున వద్దని వేరే చెప్పాలా?

నా రేసులో 33వ కిలోమీటరు దగ్గర వాల్ రానే వచ్చింది. రెండు కిలోమీటర్లు నడిచాను, జెల్ ఒకటి నోట్లో పిండుకుని మళ్లీ పరుగందుకున్నాను. నోటుబుక్కులో ఆ రోజు పేజీ చిన్నదే: ‘42.2. 4:52. ఎడమ బొటనవేలి గోరు నల్లబడింది. మెట్లు వెనక్కి తిరిగి దిగాను. ఎవరి మీదా విసుక్కోలేదు, ఓపిక లేదు.’

ఆ రాత్రి పదకొండున్నరకి మెలకువగానే ఉన్నాను. మెడల్ మళ్లీ అదే కుర్చీకి వేలాడుతోంది. ఫోన్ కోసం దిండు కింద తడిమితే దొరకలేదు. మా ఆయన దాన్ని బీరువాలో పెట్టి, తాళం చెవి ఎక్కడో దాచి, గుర్రు పెట్టి నిద్రపోతున్నారు.